ముడుపులో కట్టిన చీటీ

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే, ఎక్కువే. అయితే మా అమ్మ మీద నాకున్నది కోపం కాదు. కోపమైతే ఇన్నేళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు చల్లారి ఉండేది. ఆమె నన్ను నమ్మించి మోసం చేసింది. నా మేలు కోరే చేసింది. మేలు కోరింది కాబట్టే మోసం అనే మాట నేను ఎవరి ముందూ పైకి అనలేకపోయాను. ఇప్పుడు ఆమె లేదు, నాకూ వయసు మీరింది, రాసి పెడదామని కూర్చున్నాను.

అప్పటికి యుద్ధం జరుగుతోంది. మా పుట్టిల్లు పాకాలకు రెండు మైళ్ళ దూరంలో ఒక పల్లె. అత్తగారి ఊరు చిత్తూరు దగ్గర. చెరుకు తోటలు, బెల్లం వండే గానుగ ఉన్న ఇల్లు. తొలికాన్పుకు ఏడో నెలలోనే అమ్మ నన్ను ఇంటికి తెచ్చుకుంది. నొప్పులు మొదలై రెండో రోజు వచ్చినా బిడ్డ కిందికి దిగలేదు. ఊరి మంత్రసాని చేతులు కడుక్కుని లేచి నిలబడి, "ఇది నా సేతిలో పని కాదక్కా, రైలెక్కించండి" అనేసింది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత నామోషీ అయిందో నాకు తెలియదు గానీ, అన్నది కాబట్టే నేను బతికాను. నాయన బండి కట్టించాడు. పాకాల స్టేషన్‌లో నన్ను నులకమంచంతో సహా దించారు. యుద్ధం పేరు చెప్పి రైళ్ళు తగ్గించేసిన రోజులు. మేము కాట్పాడి వైపు పోయే బండి కోసం చూస్తుంటే సిపాయిల బండి ఒకటి ఆగకుండా పోయింది. దాన్ని తిట్టినన్ని తిట్లు నా జన్మలో మరెవరినీ తిట్టలేదు.

చివరికి కాట్పాడి అవతల మిషన్ ఆసుపత్రిలో కడుపు కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. ఇద్దరం బతికామని తెలిసేలోపే నాకు జ్వరం పట్టుకుంది. తొమ్మిది రోజులు ఏమి తిన్నానో, ఎవరితో ఏమి మాట్లాడానో జ్ఞాపకం లేదు. కళ్ళు తెరిచినప్పుడల్లా మంచం పక్కన నేల మీద అమ్మ కనబడేది. బిడ్డ ఆమె ఒళ్ళో ఉండేది.

ఇంటికి పంపే రోజున డాక్టరు దొరసాని వచ్చింది. వెంట మన వైపు తెలుగు నర్సమ్మ. నేను బిడ్డకు పాలిస్తుంటే వాళ్ళు అమ్మను వరండాలోకి పిలుచుకుపోయారు. దొరసాని చెబుతోంది, నర్సమ్మ తెలుగు చేస్తోంది, అమ్మ ప్రతిదానికీ తల ఊపుతోంది. అదంతా కిటికీలోంచి చూశాను, మాటలు మాత్రం వినబడలేదు. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ ఒక మందపాటి పసుపురంగు చీటీని మడిచి రొండిన దోపుకుంది.

"ఏం చీటీమా అది?" అన్నాను.

"మందుల చీటీ. నీకెందుకు, బిడ్డకు పాలియ్యి."

నేను ఐదో తరగతి దాకా చదివినదాన్ని. మా వీధిలో ఎవరికి ఉత్తరం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. అమ్మకు అక్షరం రాదు. ఇంట్లోకి ఏ కాగితం వచ్చినా "ఇదేందో సూడు" అని నా ముందు పడేసేది. ఆ ఒక్క చీటీ మాత్రం పడెయ్యలేదు. ఎందుకు పడెయ్యలేదని నేను ఆలోచించి ఉండాలి. కన్నతల్లిని అనుమానించాలని ఎవరికి తోస్తుంది?

మా వైపు తొలికాన్పు బాలింతను ఐదో నెలలో గానీ అత్తింటికి పంపరు. నన్ను మూడో నెలలోనే పంపేసింది. అప్పటికి నేను నీళ్ళ బిందె ఎత్తలేను. వంగితే కోత దగ్గర ఎవరో గుప్పిట పట్టి లాగినట్టుండేది. ఇంకో రెండు నెలలు ఉంటానని బతిమాలాను. మా అత్త ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "పిల్లను ఎప్పుడు పంపుతారు" అని అడిగించింది. అంతే, అమ్మ మర్నాడే చలిమిడి చేసి ఒడిబియ్యం సిద్ధం చేసింది.

ఆమె భయం ఏమిటో ఊరందరికీ తెలుసు. నన్ను కన్న తర్వాత అమ్మకు జబ్బు చేసి ఏడాది పాటు తన పుట్టింట్లో ఉండిపోయింది. తిరిగి వచ్చేసరికి నాయన ఇంట్లో చిన్నమ్మ ఉంది. చిన్నమ్మ మంచిదే, నాకు తల దువ్వి జడలు వేసింది ఎక్కువగా ఆమే. కానీ అమ్మ ఆ గడప దాటి లోపలికి వచ్చిన రోజున ఆగిన చోటే ఆగిపోయింది. మొగుడికి దూరంగా ఉంటే మరొకతె వస్తుంది. ఆమెకు తెలిసిన లోకమంతా అంతే. నా మొగుడు ఎలాంటివాడో ఆమె చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందనీ అనుకోలేదు.

పాప ఇంకా బోర్లా పడడం నేర్చుకుంటుండగానే నాకు మళ్ళీ నెల తప్పింది. పాలు ఇంకిపోయాయి. పాప ఆకలికి ఏడుస్తుంటే రాగిజావ పలచగా కాచి ఉగ్గుగిన్నెతో పోసేదాన్ని. నేను కూడా పక్కనే కూర్చుని ఏడ్చేదాన్ని. మా అత్తకు మాత్రం పట్టరాని సంతోషం. ఆయన ఒక్కడే కాస్త కంగారుపడ్డాడు. బెల్లం పాకం కాగే పెనం దగ్గర్నుంచి వచ్చి, చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"కోసిన కడుపు గదా. ఆసుపత్రోళ్ళు ఏమన్నా చెప్పినారా? పోవాలంటే ఇప్పుడే చెప్పు, గానుగ పని మా అన్నకు అప్పజెప్పి నేనే తోడొస్తా."

అమ్మను అడిగి చెబుతానన్నాను. ఈ కాన్పుకూ తానే చూసుకుంటానని అమ్మ ఎనిమిదో నెలలో నన్ను తీసుకుపోవడానికి వచ్చింది. వచ్చినప్పుడు సూటిగానే అడిగాను. ఆమె పాపకు తల దువ్వుతోంది.

"అమ్మా, మళ్ళీ కాన్పుకు ఆసుపత్రికి రమ్మనిరా?"

దువ్వెన ఆగలేదు. "లేదు. ఒకసారి అయినాక రెండోది సులువుగా వస్తాదని ఆ దొరసానే అనింది."

దొరసానే అనిందట! ఆ మాటను నేను నా చెవులతో విన్నదానిలాగా పోయి ఆయనకు చెప్పాను. ఆయన ఊపిరి పీల్చుకుని గానుగ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన నన్ను నమ్మాడు, నేను అమ్మను నమ్మాను.

పుట్టింట్లో దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పటం కింద ఒక ముడుపు ఉండేది. పసుపు గుడ్డలో రూపాయి కట్టి, కోరిక తీరాక కొండకు తెచ్చి వేస్తామని మొక్కుకునే ముడుపు మా వైపు ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి ఉంటుంది. ఒకసారి ముడివేస్తే హుండీలో వేసేదాకా దాన్ని విప్పరాదు. విప్పితే మొక్కు చెడుతుంది. అది నా కాన్పు కోసమే కట్టానని అమ్మ చెప్పింది. రోజూ పొద్దున దీపం పెట్టి, ఆ ముడుపుకు నేనే దండం పెట్టుకునేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వేరుశెనక్కాయలు పెరికే రోజుల్లో ఒకనాటి పొద్దున నొప్పులు మొదలయ్యాయి. ఆ మంత్రసానే వచ్చింది. చీర తొలగించి నా పొట్ట మీద గీతను చూసింది. బొడ్డు కింద నుంచి నిలువునా వేలి లావున ఉండేది. చూసి ఆమె చేతులు వెనక్కి తీసుకుంది.

"ఆసుపత్రోళ్ళు ఏం సెప్పి పంపినారక్కా?"

"ఏమీ సెప్పలే. నువ్వు కానీ" అంది అమ్మ.

"నాకు బయంగా ఉండాదక్కా. లోపల ఎట్ల కుట్టినారో ఏమో."

"సామి ఉండాడు. కానీమ్మే."

ఇక అమ్మ నా పక్కన గోడకు ఆనుకుని కూర్చుని, ఆ గీత మీద కుడి అరచెయ్యి పెట్టింది. పొద్దున పెట్టిన చెయ్యి సాయంత్రం దాకా తీయలేదు. దాహమైతే ఎడమచేత్తో చెంబెత్తి తాగింది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి కాస్త గట్టిగా అదిమేది, పోయినప్పుడు వదులయ్యేది. మంత్రసాని బిడ్డ దిగడానికి పైనుంచి పొట్ట నొక్కబోతే అమ్మ ఆమె మణికట్టు పట్టుకుని, "ఆడ ముట్టొద్దు" అని అరిచింది. అంత నొప్పిలోనూ నాకు ధైర్యంగా ఉండింది. ఇట్లాంటి తల్లి ఎవరికుంటుంది అనుకున్నాను. ఆ మాట అచ్చంగా అదే మాటల్లో అనుకున్నానని గుర్తు.

పొద్దు వాలుతుండగా మగబిడ్డ పుట్టాడు. కత్తి లేకుండా, కుట్టు లేకుండా, అందరికీ పుట్టినట్టే పుట్టాడు. మంత్రసాని తలుపు దగ్గర కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. అమ్మ బిడ్డను చూడకుండానే పోయి ముడుపు ముందు బోర్లా పడి వెక్కి వెక్కి ఏడ్చింది. మనవడు పుట్టాడన్న ఆనందం కాబోలు అనుకున్నాను.

పురిటి స్నానం కాకముందే అమ్మ నా సంగతి వీధంతా చెప్పుకొచ్చింది. "కోసిన కడుపైతే ఏమి, నా కూతురు ఇంట్లోనే కనింది. ఆ దొరసాన్లకు కొయ్యడం తప్ప ఏం తెలుసు?" నన్ను చూడడానికి పక్క ఊళ్ళ నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చారు. గీత చూపించమనేవాళ్ళు. నేను కూడా సంబరంగా చూపించాను. నా తెలివి అంత గొప్పది.

బిడ్డకు ఐదో నెల వచ్చాక మొక్కు తీర్చడానికి కొండకు బయలుదేరాం. గానుగ ఆడే రోజులు కాబట్టి ఆయన రాలేదు. నాయన పాపను భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు, బిడ్డను అమ్మ ఎత్తుకుంది, అలిపిరి నుంచి మెట్లు ఎక్కాం. మోకాళ్ళ పర్వతం దగ్గర నేను నాలుగుసార్లు కూర్చున్నాను. అమ్మ ఒక్కసారి కూడా కూర్చోలేదు. కొండ మీదికి చేరాక అమ్మ ముడుపును నా చేతిలో పెట్టి, "నీకోసం కట్టింది, నీ సేత్తోనే వెయ్యి" అని, తలనీలాలు ఇవ్వడానికి వెళ్ళింది. మూడు కత్తెర్లు ఇస్తుందేమో అనుకున్నాను. నాయన పాపకు కోతుల్ని చూపించడానికి అటు పోయాడు.

నేను ఒక అరుగు మీద బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను. వాడు చేతికందింది నోట్లో పెట్టుకునే వయసు. ముడుపును లాక్కుని చీకుతుంటే విడిపించబోయాను. తడిసిన గుడ్డలో నాకు రూపాయి తగిలింది. దానితోపాటు గట్టిగా, మూలలు తేలిన కాగితం ఒకటి తగిలింది. గుడ్డ ఒక పక్క చివికిపోయి ఉంది. అందులోంచి పసుపురంగు అంచు కనబడింది.

విప్పకూడదని తెలుసు. పళ్ళతో ముడి విప్పాను.

ఒకవైపు ఇంగ్లీషు, ఒక నెంబరు. రెండోవైపు నర్సమ్మ గుండ్రటి తెలుగు అక్షరాలు. రెండేళ్ళ దాకా మళ్ళీ గర్భం రాకూడదు. ఎప్పుడు వచ్చినా ఎనిమిదో నెలలోనే ఈ చీటీ తీసుకుని ఆసుపత్రికి రావాలి. మామూలు కాన్పు కావచ్చు, కాకపోవచ్చు, ఏదైనా ఇక్కడే జరగాలి. ఇంట్లో చేయకూడదు. నొప్పుల్లో పాత కోత విచ్చుకుంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు.

రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే పొట్ట మీద అమ్మ చెయ్యి గుర్తుకొచ్చింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీయని చెయ్యి. అది ఓదార్పు కాదు. ఎక్కడ తెగుతుందో ఆమెకు తెలుసు. తెలిసే, అక్కడ చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు అమ్మ వచ్చింది. మూడు కత్తెర్లు కాదు, మొత్తం గుండు. ముత్తైదువ, మోకాళ్ళదాకా ఉండే జుట్టు. దాన్నంతా ఇచ్చేసింది. గుండుకు గంధం పూసుకుని, ఎండకు కళ్ళు చికిలించి, నన్ను చూసి నవ్వుతూ వస్తోంది. నా చేతిలో చీటీ కనబడగానే ఆ నవ్వు పోయింది.

"ముడుపు ఇప్పినావా? కండ్లు పోతాయే నీకు!"

"నర్సమ్మ ఇదంతా నీకు చెప్పిందా, లేదా?"

"చెప్పింది."

"మరి నాకేం చెప్పినావు నువ్వు?"

"సామికి చెప్పుకుంటి గదా. చీటీని ఆయన చేతిలోనే పెడ్తిని. నా బిడ్డను నువ్వే కాపాడుకో, నా తల నీకిస్తా అని మొక్కుకుంటి. ఆయనకంటే పెద్దదా ఆ దొరసాని?"

"సామి చదువుకోవాల్నా ఈ చీటీ? నేను కదా చదువుకోవాల్సింది!"

పక్కన కూర్చున్నవాళ్ళు తిరిగి చూశారు. అమ్మ నా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది. "చెప్తే ఏం చేస్తావు? రెండేండ్లు మొగుడికి దూరంగా కూసుంటావు. మీ నాయన ఒక్క ఏడాది ఆగలేదే! నీకు ఆ గతి పట్టకూడదనే..." అని, నా ఒళ్ళో బిడ్డను చూసి, "ఇప్పుడేమైంది? బాగనే ఉండావు గదా. బిడ్డా బాగనే ఉండాడు" అంది.

నేను చచ్చిపోయి ఉంటే ఆమెది తప్పు అయ్యేది. బతికాను కాబట్టి అది భక్తి అయింది. నా ప్రాణాన్ని ఒడ్డింది ఆమె, ఆ సంగతి నాకే తెలియదు, చివరికి గెలుపు కూడా ఆమెదే. పైగా ఆ గుండు. ఆ తలను చూస్తూ ఏమని తిట్టను?

రూపాయిని పసుపు గుడ్డలో మళ్ళీ కట్టి హుండీలో వేశాను. చీటీని రవికలో దాచుకున్నాను. అమ్మ చూసింది. కొండ దిగేటప్పుడు బిడ్డను నేనే ఎత్తుకున్నాను. ఆమె రెండుసార్లు చేతులు చాపింది, ఇవ్వలేదు.

ఇంటికి పోయి ఆయనకు చీటీ చదివి వినిపించాను. ఆయన చీటీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, "ముందే చెప్పింటే ఆగేవాణ్ణి గదా" అన్నాడు. మగవాళ్ళు అట్లాగే అంటారులే అనుకున్నాను. కానీ ఆ తర్వాత నాలుగేళ్ళు వసారాలో మంచం వేసుకుని, మా అత్త ఎన్ని విధాల సాధించినా నోరు మెదపకుండా, ఆగి చూపించాడు. అమ్మ ఇంతకాలం భయపడిన మనిషి మా ఇంట్లో లేనే లేడు.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు మళ్ళీ కడుపుతో ఉన్నాను. ఈసారి పుట్టింటికి పోలేదు. ఎనిమిదో నెలలో ఆయన నన్ను తిన్నగా ఆసుపత్రికి తీసుకుపోయి, ఆ దగ్గరలోనే ఒక గది తీసుకుని పెట్టాడు. కబురు తెలిసి అమ్మ రైలెక్కి వచ్చింది. జుట్టు మెడ దాకా పెరిగి, సగం నెరిసి ఉంది. సంచిలో బాలింతకారం, నువ్వుల ఉండలు తెచ్చింది.

అదే దొరసాని. చీటీ చూసి, పొట్ట చూసి, నర్సమ్మతో ఏదో అంది. రెండో బిడ్డను ఇంట్లో ఎందుకు కన్నావు, చీటీలో రాసిచ్చాం కదా అని నర్సమ్మ అడిగింది. అమ్మ మంచం పక్కనే నిలబడి ఉంది.

"చీటీ ఎక్కడో పడిపోయిండె. తర్వాత దొరికింది" అన్నాను.

అమ్మ తల దించుకుంది. పాత కోత ఒకసారి నిలిచిందని ప్రతిసారీ నిలుస్తుందని అనుకోవద్దని దొరసాని చెప్పిందట. సరేనని తల ఊపాను.

నొప్పులు వచ్చినప్పుడు కాన్పు గదిలోకి అమ్మను కూడా రానిచ్చారు. ఆమె వచ్చి నా పక్కన నిలబడి, ఎవరూ చెప్పకుండానే ఆ గీత మీద కుడి అరచెయ్యి పెట్టింది. ఆ వేడి, ఆ బరువు, అన్నీ నాకు తెలిసినవే. నేను ఆ చెయ్యి పట్టుకుని పక్కకు తీసేశాను.

"నర్సమ్మ ఉండాది. నువ్వు బయట కూసో."

ఆమె చేతిని కొంగుతో తుడుచుకుని బయటికి పోయింది. తలుపు పక్క బల్ల మీద కూర్చుందని తర్వాత ఆయన చెప్పాడు.

దొరసాని వచ్చి గీత మీద చెయ్యి పెట్టి చూసింది. సబ్బు వాసన, చల్లటి వేళ్ళు. గంటగంటకూ వచ్చి అట్లాగే చూసి పోయింది. ఆ చేతికి అంతా తెలుసు, తెలిసింది తెలిసినట్టు నాకు చెప్పింది. ఏదైనా జరిగితే కోయడానికి పక్క గదిలో అంతా సిద్ధంగా ఉంది. నేను నమ్మాల్సిన చెయ్యి అదేనని నాకు బాగా తెలుసు. అయినా ప్రతి నొప్పికీ నా ఒళ్ళు బయట బల్ల మీద కూర్చున్న ఆ అబద్ధాలకోరు చెయ్యి కోసమే వెతుక్కుంది. బిడ్డ పుట్టేదాకా తలుపు వైపే చూస్తూ ఉన్నాను. పిలవలేదు.